అలుగు లేని తలుపు

వాన నీరు ఇంట్లోకి వస్తున్నదని తెలియగానే ఎవరైనా చేసే మొదటి పని, అది వచ్చే సందును వెతికి మూసేయడం. వెనుకటి రోజుల్లో అయితే సున్నం, ఆ తరువాత సిమెంటు, ఇప్పుడైతే గొట్టంలో అమ్మే సిలికాన్ లేహ్యం. గోడ బీటకూ, డాబా పగులుకూ ఈ వైద్యం చాలావరకు పనిచేస్తుంది. ప్లాస్టిక్ తలుపు దగ్గర మాత్రం ఇదే వైద్యం రోగాన్ని ముదరబెడుతుంది. విశాఖపట్నంలో మా అమ్మానాన్నల ఇంటి తలుపును బాగుచేయించిన రెండు రోజుల్లో ఈ సంగతి నాకు వివరంగా తెలిసివచ్చింది. తలుపు మీద వ్యాసమేమిటని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. ఇప్పుడు ఇటువంటి తలుపులు బిగించుకున్న ఇళ్లు తక్కువేమీ లేవు కనుక, ఎవరో ఒకరికి పనికిరాకపోదని వ్రాస్తున్నాను.

మా ఇల్లు పెదవాల్తేరులో, మేడ మీద భాగం. హాలులోంచి తూర్పువైపు డాబా మీదికి ఒక తలుపు ఉన్నది. డాబా మీద కుర్చీ వేసుకుంటే ఎదుటి రెండు ఇళ్ల మధ్య నుంచి జానెడు సముద్రం కనిపిస్తుంది. నాన్నగారు ఉద్యోగం విరమించిన నాటి నుంచీ పొద్దున్న కాఫీ, దినపత్రిక అక్కడే. మొదట అక్కడ టేకు తలుపు ఉండేది. ఉప్పుగాలికి దాని ఇనుప బందులు తుప్పు పట్టేవి, వానాకాలంలో రెక్క ఉబ్బి బిగుసుకునేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఆ రెక్క బందులతో సహా ఊడి హాలులో పడింది. దాని స్థానంలో నాన్నగారు తెల్లటి ప్లాస్టిక్ తలుపు పెట్టించారు. చెద పట్టదు, ఉబ్బదు, రంగు వేయనక్కరలేదు అని అమ్మినవారు చెప్పిన మూడు మాటలూ నిజమే. నీరు రాదన్న నాలుగో మాట దగ్గరే పేచీ వచ్చింది.

మొదటి కొన్నేళ్లు బాగానే ఉన్నది. డాబాకు కొత్తగా పలకలు పరిపించిన తరువాత, తూర్పుగాలితో వాన పడినప్పుడల్లా తలుపు కుడి మూల నుంచి హాలులోకి నీరు రావడం మొదలయింది. పైగా రెక్క ఒరిగి గడపను రాసుకునేది. పిడిని పైకెత్తి తాళం వేయడానికి రెండు చేతులూ కావలసివచ్చేది. బిగించిన సంస్థకు కబురు చేస్తే వాళ్ల మనిషి రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ గడప పొడవునా సిలికాన్ పూసి వెళ్లాడు. పూసిన ప్రతిసారీ నీరు ఇంకాస్త ఎక్కువగా వచ్చింది.

కిందటి ఏడాది అక్టోబరులో ఒక రాత్రి వాన కురిసి వెలిసింది. తెల్లవారుజామున పాలు తీసుకోవడానికి లేచిన అమ్మ, నున్నటి పలకల మీద కనిపించకుండా పరుచుకున్న ఆ నీటిలో కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టు వేశారు. ఆ కట్టు ఉండగానే ఒక సాయంత్రం నాన్నగారు డాబా మీద ఉండగా గాలికి తలుపు పడిపోయి నాలుక బిగుసుకున్నది. ఆయన బయట, ఒంటి చేత్తో పిడి తిప్పలేక అమ్మ లోపల. ఆయనకు ఎనభై దాటాయి, చక్కెర వ్యాధి ఉన్నది. కింది వాటాలో అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చి తలుపును భుజంతో నెట్టేవరకు గంటసేపు ఇద్దరూ అద్దానికి చెరొకవైపు నిలబడ్డారు.

ఇది విన్న తరువాత విదేశంలో ఉన్న తమ్ముడు, "ఆ తలుపు తీయించేసి అక్కడ కదలని అద్దం పెట్టించెయ్యి అక్కా, పీడా పోతుంది" అన్నాడు. సంస్థ మనిషి చెప్పిన సలహా కూడా అదే. కొత్త తలుపు పెట్టాలంటే అయ్యే ఖర్చు నాన్నగారి రెండు నెలల పింఛను. నాన్నగారు ఎవరినీ ఏమీ అనలేదు. డాబా మీది కుర్చీ తెచ్చి హాలులో, ఆ తలుపుకు ఎదురుగా వేసుకున్నారు. నేను హైదరాబాదు నుంచి సెలవు పెట్టి వెళ్లేసరికి ఆ కుర్చీ అక్కడే ఉన్నది.

తలుపు మీద చెయ్యి వేసేముందు దాని నిర్మాణం తెలుసుకున్నాను. ఆ నిర్మాణం తెలిస్తే తక్కినదంతా తేలిక. యూపీవీసీ అని పిలిచే ఈ పదార్థం, మన నీళ్ల గొట్టాలకు వాడే ప్లాస్టిక్‌కు చుట్టమే. మెత్తబరిచే ద్రవ్యాలేవీ కలపని గట్టి పీవీసీ అన్నమాట. ఎండకు చెడకుండా తెల్లటి టైటానియం డయాక్సైడు కలుపుతారు. టేకు ద్వారబంధం లోపల కూడా కర్రే. ప్లాస్టిక్ బంధం అలా కాదు, దాన్ని అడ్డంగా కోసి చూస్తే లోపలంతా ఖాళీ అరలు. నడిమి అరలో బలం కోసం జింకు పూత పూసిన ఉక్కు కమ్మీ ఉంటుంది. బయటి వైపు ఉన్న అర నీటి కోసం కేటాయించినది.

నీటి కోసమే ఒక అర ఉండడం ఎందుకు? ఎందుకంటే, ఈ తలుపును రూపొందించినవారు నీరు లోపలికి రాదని ఎన్నడూ అనుకోలేదు. రెక్కకూ బంధానికీ మధ్య రెండు రబ్బరు పట్టీలు ఉంటాయి. బయటి పట్టీ వానలో ఎక్కువ భాగాన్ని అడ్డుకుంటుంది, కొంత దాటనిస్తుంది. దాటిన నీరు గడపలో ఉన్న గాడిలోకి జారుతుంది. గాడి అడుగున సన్నని చీలికలు ఉంటాయి, అయిదారు మిల్లీమీటర్ల వెడల్పు, పాతిక ముప్పయి మిల్లీమీటర్ల పొడవు. వాటిగుండా నీరు బయటి అరలోకి దిగుతుంది. ఆ అర ముందు గోడకు మరికొన్ని చీలికలు ఉంటాయి, అక్కడి నుంచి డాబా మీదికి పోతుంది. లోపలి చీలికలూ బయటి చీలికలూ ఎదురెదురుగా ఉండవు, పక్కకు జరిపి పెడతారు. గాలి సూటిగా దూసుకురాకుండా ఆ ఏర్పాటు. ఇంటి లోపలి వైపు ఉన్న రెండో రబ్బరు పట్టీ ముఖ్యంగా గాలిని ఆపడానికి.

ఇది చూసినప్పుడు నాకు మన చెరువు గుర్తుకువచ్చింది. చెరువు కట్టేవాడు చెరువులోకి వరద రాదని కట్టడు. గట్టు వేస్తాడు, తూము పెడతాడు, ఆ పైన వచ్చే నీరు పొంగి పోవడానికి ఒక పక్కన గట్టి రాతితో అలుగు కడతాడు. అలుగు ఉంటేనే గట్టు నిలుస్తుంది. నీరు వృథాగా పోతున్నదని ఎవరైనా అలుగుకు అడ్డుకట్ట వేస్తే, ఆ ఏడు గట్టు తెగేది ఎక్కడన్నది మాత్రమే ప్రశ్న. మా గడప మీద రెండుసార్లు పూసిన సిలికాన్ చేసిన పని సరిగ్గా అదే.

గాలి సంగతి కూడా కొంచెం చెప్పాలి. "నీరు పల్లమెరుగు" అన్న సామెత గాలి లేనప్పటి మాట. గాలి తలుపును తోసినప్పుడు దాని ఒత్తిడి నీటిని ఎత్తి నిలబెట్టగలదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి ఒత్తిడి సుమారు 12 మిల్లీమీటర్ల ఎత్తు నీటిని మోస్తుంది. వేగం గంటకు 72 కిలోమీటర్లకు పెరిగితే ఆ ఎత్తు దాదాపు 24 మిల్లీమీటర్లు అవుతుంది. వేగం పెరిగిన దానికి వర్గంగా ఒత్తిడి పెరగడమే కారణం. గడప లోపలి అంచు ఎత్తు అంతకన్నా తక్కువైతే నీరు అంచు దాటి లోపలికి రావడానికి అభ్యంతరమేమీ ఉండదు. దీనికి విరుగుడు కూడా ఆ చీలికల్లోనే ఉన్నది. బయటి చీలికలు తెరిచి ఉంటే బయటి గాలి ఒత్తిడే గాడిలోనూ నిండుతుంది. లోపలా బయటా ఒకే ఒత్తిడి ఉన్నప్పుడు నీటికి తన బరువు తప్ప వేరే ప్రేరణ ఉండదు, కిందికి జారి బయటికి పోతుంది. అయితే లోపలి రబ్బరు పట్టీ తెగిందంటే ఆ తెగిన చోటు నుంచి గాలి హాలులోకి ఉరుకుతుంది, ఉరుకుతూ నీటిని వెంట తెస్తుంది. అందువల్ల చీలికలు తెరిచి ఉండాలి, లోపలి పట్టీ తెగకుండా ఉండాలి. రెండూ కావాలి. మా తలుపుకు రెండూ లేవు.

పనికి పిలిచినది మా టేకు తలుపును ఒకప్పుడు చేసిన వడ్రంగినే. నాకు చిన్నప్పటి నుంచీ బాబాయే. తలుపు చూసి ముందు వెనుకాడాడు. "కర్రయితే సూడగానే సెప్పగల్నమ్మా, ఈ పలాస్టిక్ సంగతి నాకేటి తెలుస్తాది" అన్నాడు. ముందు నీరు పోసి చూద్దామన్నాను. అమ్మ ఒక చెంబుడు నీళ్లలో చిటికెడు పసుపు కలిపి ఇచ్చింది. పసుపు నీరైతే ఎటు పోయినదీ కంటికి కనిపిస్తుంది. తెల్ల ప్లాస్టిక్ మీద మరక పడుతుందేమోనన్న బెంగ అక్కరలేదు, పసుపు మరక ఎండకు వెలిసిపోతుంది. తలుపు తెరిచి, గడప గాడిలో సగం చెంబు నీళ్లు మెల్లగా పోశాము.

మంచి తలుపైతే ఆ నీరు కొద్ది క్షణాల్లో బయటి చీలికల నుంచి కారాలి. మా గాడిలో అది కదలకుండా నిలబడింది. బయట చుక్క లేదు. పావుగంట తరువాత లోపల, హాలులో, కుడి మూలన రాతికీ గోడకూ మధ్య నుంచి పచ్చటి చెమ్మ వచ్చింది. రబ్బరు పట్టీల మీదుగా కాదు, గడప కింద నుంచి. ఇది మేము ఎవరమూ ఎదురుచూడని దారి. గాడిని తుడిచి చూస్తే కారణం కనిపించింది. బంధాన్ని రాతికి బిగించిన మరమేకులు గాడి అడుగు గుండానే దిగాయి, వాటి తలల చుట్టూ ఏ పూతా లేదు. నిలిచిన నీరు ఆ కన్నాల్లోంచి ఉక్కు ఉన్న అరలోకి, అక్కడి నుంచి బంధం కిందికి, అక్కడి నుంచి హాలులోకి దారి చేసుకున్నది.

ఈ తలుపులో రెండు రకాల కన్నాలు ఉన్నాయని అప్పుడు స్పష్టమయింది. నీటిని బయటికి పంపే చీలికలు మూయకూడనివి. మరమేకుల కన్నాలు తప్పక మూయవలసినవి. మాకు జరిగింది సరిగ్గా తలకిందులు. మూయకూడనివాటి మీద రెండు పూతలు పడ్డాయి, మూయవలసినవి నోరు తెరుచుకుని ఉన్నాయి.

ఇక బయట. డాబాకు కొత్త పలకలు పరిచినప్పుడు పాత నేల మీదనే గచ్చు పోసి పరిచారు. దానితో డాబా అంగుళంన్నర పైకి వచ్చింది. పలకల అంచు సరిగ్గా బయటి చీలికల మీదికి ఎక్కింది, ఆ సందులో గ్రౌటు నింపారు, దాని మీద సిలికాన్. రసమట్టం పెట్టి చూస్తే పలకల వాలు కూడా తలుపు వైపుకే ఉన్నది, మూలనున్న తూము వైపుకు కాదు. అంటే డాబా మీద పడిన వాన కూడా మొదట గడపకే వచ్చి చేరుతున్నది. పలకలు పరిచినవారికి తలుపుతో పని లేదు, తలుపు బిగించినవారికి పలకలతో పని లేదు. ఇద్దరి మధ్య ఉన్న రెండంగుళాలు ఎవరి బాధ్యతా కాలేదు.

రెక్క ఒరగడం రెండో కథ. బందుల వైపు సరిగా ఉండి, తాళం వైపు మూల నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగింది. అందువల్లే అది గడపను రాసుకుంటున్నది, నాలుక తన గుంటలో పడటం లేదు, అలా రాసుకుని రాసుకుని కుడి మూలన లోపలి రబ్బరు పట్టీ తెగిపోయింది. సంస్థ మనిషి బందుల మరలు తిప్పి రెక్కను ఎత్తి వెళ్లాడట. నెల తిరిగేసరికి మళ్లీ దిగింది. ప్లాస్టిక్ రెక్క నాలుగు కమ్మీల చట్రం మాత్రమే, దానికి మూలలు బిగువుగా నిలిపే శక్తి తక్కువ. పైగా అందులో అద్దం బరువు. అద్దం బరువు లెక్క సులువు, ఒక చదరపు మీటరుకు మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు. మా అద్దం ఎనిమిది మిల్లీమీటర్ల మందం, చదరపు మీటరుకు కాస్త తక్కువ, అంటే సుమారు ఇరవై కిలోలు. ఆ బరువు చట్రం మధ్యలో వేలాడితే తాళం మూల దిగక తప్పదు.

అద్దాన్ని పట్టి ఉంచే బీడింగులు ఊడదీసి చూశాము. అద్దం అడుగున రెండు చివర్లా ఒక్కొక్క ప్యాకింగు ముక్క ఉన్నది, అంతే. ఇలాంటి రెక్కలో అద్దమే చట్రాన్ని నిలబెట్టాలి. అందుకు ప్యాకింగు ముక్కలు రెండు మూలల్లో ఎదురెదురుగా, ఐమూలగా పడాలి. కింద బందుల వైపు మూలలో అద్దం చట్రం మీద ఆనాలి. పైన తాళం వైపు మూలలో అద్దం చట్రాన్ని ఎత్తి పట్టాలి. అప్పుడు బరువంతా అద్దం గుండా ఐమూలగా దిగి కింది బందు మీద పడుతుంది. నేను కాగితం మీద గీసి చూపించబోతే బాబాయి నవ్వాడు. "ఇదేటమ్మా కొత్త? పలకల తలుపుకి ఎనకాల ఏటవాలు బద్ద కొట్టమా? బద్ద కాలు బందుకాడే ఉండాల, తల గడియకాడ ఉండాల. తిరగేసి కొడితే తలుపు దిగిపోద్ది" అన్నాడు. ఆ మాటతో ఆయన సందేహమంతా పోయింది. ఆ క్షణం నుంచి పని ఆయనదే, నాది అందించడం.

రెండు రోజుల్లో చేసిన పని క్రమంగా చెబుతాను. మొదట తాపీమేస్త్రి వచ్చి గడప ముందు రెండంగుళాల వెడల్పున పలకలు కోసి తీసేశాడు. అక్కడ చీలికలకన్నా కిందకు సన్నటి కాలువ చేసి, దాన్ని తూము వైపుకు వాలు ఇచ్చి, గచ్చు నున్నగా పూశాడు. రెండోది, బయటి చీలికల మీద సిలికానూ గ్రౌటూ ప్లాస్టిక్ పట్టీతో గీకి తీశాము. మూసుకుపోయిన చీలికను బరమాతో తొలవకూడదు. బరమా మొన వెనక గోడను దాటి ఉక్కు అరలోకి దిగితే కొత్త కారుడు మనమే మొదలుపెట్టినట్టు. లోపలి చీలికల్లో బిగించిన నాటి ప్లాస్టిక్ తురుము, ఇసుక, ఎండిన పురుగులు పేరుకుని ఉన్నాయి, నీరు పోస్తూ పలుచటి పట్టీతో లాగితే వచ్చేశాయి.

మూడోది మరమేకుల కన్నాలు. తుప్పు పట్టిన మేకులు తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేసి, తలలను సిలికాన్‌తో కప్పాము. సిలికాన్‌లో కూడా భేదం ఉన్నది. పూసేటప్పుడు వెనిగరు వాసన కొట్టే రకం ఈ ప్లాస్టిక్‌కు గట్టిగా పట్టదు. న్యూట్రల్ క్యూర్ అని గొట్టం మీద ఉన్నది తీసుకోవాలి. పూసేముందు సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. థిన్నరు, అసిటోను వంటివి ప్లాస్టిక్ మెరుపును తినేస్తాయి, వాటి జోలికి పోరాదు.

నాలుగోది అద్దం. ఇద్దరు పట్టుకుని ఎత్తి, ముక్కలు ఐమూలగా వేసి, తాళం వైపు మూల పైకి లేచేవరకు ఒక్కొక్క మిల్లీమీటరు చొప్పున పెంచాము. బాబాయి అలవాటు కొద్దీ టేకు ముక్క చెక్కబోయాడు. కర్ర నీటికి ఉబ్బుతుంది కనుక కొట్టులో దొరికే ప్లాస్టిక్ ముక్కలే వాడాము. ముక్కలు రెక్క అడుగున ఉన్న నీటి చీలికలకు అడ్డం రాకుండా చూసుకున్నాము. ఆ తరువాతే బందుల మరలు అలెన్ కీతో కొద్దిగా సవరించాము. ఈ వరస ముఖ్యం. అద్దం సరిచేయకుండా బందులు తిప్పితే అది నెల రోజుల మందే. చివరకు తెగిన రబ్బరు పట్టీ మొత్తం తీసి కొత్తది వేశాము. సాగదీసి వేస్తే తరువాత కుంచించుకుని మూలల్లో ఖాళీ వస్తుంది. కాస్త వదులుగా, అతుకు పైభాగంలో పడేట్టు వేయాలి.

గోడకూ బంధానికీ మధ్య కొట్టిన సిమెంటును కూడా రెండు నిలువుల పక్కనా తొలగించాము. ఈ ప్లాస్టిక్ ఎండకు సాగుతుంది, మీటరు పొడవుకు పది డిగ్రీలకు సుమారు 0.7 మిల్లీమీటర్లు, ఇనుముకన్నా దాదాపు ఆరు రెట్లు. తెల్లవారుజాము చల్లదనానికీ తూర్పు ఎండకూ మధ్య ఇరవై అయిదు డిగ్రీల తేడా అనుకుంటే, రెండు మీటర్ల పైచిలుకు నిలువు మూడున్నర మిల్లీమీటర్లు పెరగాలని చూస్తుంది. లోపలి ఉక్కు పట్టి ఉంచడం వల్ల అంత సాగకపోయినా, కదలడం నిజం. సిమెంటు కదలనివ్వదు, కనుక బంధం వంగుతుంది. ఆ సందులో నురగ నింపి, బయట సిలికాన్ పూశాము, గడప ముందు చీలికలను మాత్రం ముట్టుకోకుండా.

మళ్లీ పసుపు నీళ్లు పోశాము. ఈసారి పది లెక్కపెట్టేలోగా కాలువలోకి రెండు పచ్చటి ధారలు దిగాయి. తలుపు మూసి, తోట గొట్టంతో కింది నుంచి మొదలుపెట్టి పైకి అరగంట నీరు కొట్టాము. కింది నుంచి మొదలుపెడితేనే ఎక్కడ కారుతున్నదో తెలుస్తుంది, పై నుంచి కొడితే అన్నీ కలిసిపోతాయి. హాలు పొడిగా ఉన్నది. డిసెంబరులో వాయుగుండం వచ్చినప్పుడు నేను అక్కడ లేను. పొద్దున్నే అమ్మ ఫోను చేసి, గడప ముందు కాలువ పారుతున్నదని, లోపల గుడ్డ పెట్టి తుడిచి చూస్తే గుడ్డ తడవలేదని చెప్పింది. తలుపు ఎడమ చేత్తో కూడా తెరుచుకుంటున్నదని విడిగా చెప్పింది.

అయినదానికి మించి చెప్పుకోకూడదు. బంధం కింద ఉన్న నల్లరాయి ఇప్పటికీ రెండు మిల్లీమీటర్లు లోపలికే వాలి ఉన్నది. అది సరిచేయాలంటే బంధం మొత్తం ఊడదీయాలి. హుద్‌హుద్ వంటి గాలి వస్తే మా గడప ఎత్తు చాలదని లెక్కే చెబుతున్నది. అటువంటి రోజున లోపల గోనెపట్టా మడిచి వేసుకోవలసిందే. మొత్తం ఖర్చు కొత్త తలుపు ధరలో ఆరోవంతు కూడా కాలేదు.

కొత్తగా ఇటువంటి తలుపు పెట్టించుకునేవారు మూడు సంగతులు దగ్గరుండి చూసుకోవాలి. బంధం కింది రాయి బయటికి వాలి ఉండాలి. డాబా నేల, పలకలతో సహా, చీలికలకన్నా తక్కువ ఎత్తులో ఉండాలి. బిగించిన రోజే, డబ్బు ఇచ్చేముందు, గాడిలో ఒక చెంబుడు నీళ్లు పోసి బయటికి రావడం కళ్లారా చూడాలి. పాత తలుపు ఉన్నవారు వానాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి ఆ చీలికలు శుభ్రం చేసుకుంటే చాలు. ఎవరైనా సిలికాన్ గొట్టం పట్టుకుని వస్తే, ఏ కన్నం మూస్తున్నారో ముందు అడగండి.

మరొక్క మాట. వీప్ హోల్ అని ఇంగ్లీషువారు పిలిచే ఆ చీలికకు తెలుగులో పేరు దొరకలేదు. ఏడ్చే కన్నం అనడానికి మనసు ఒప్పలేదు, అక్కడ నీరు పోవడం దుఃఖం కాదు కదా. తూము అందామంటే, అది మనం తెరిచినప్పుడే పారుతుంది. అధికమైన నీరు తనంత తానుగా పొర్లి పోయే చోటు కనుక అలుగు కన్నం అని నేను అనుకుంటున్నాను. బాబాయికి ఈ మాట చెబితే, "అలుగంటే సెరువుకి కదమ్మా" అని కొంచెంసేపు ఆలోచించి, తన రెండో ఇంటి బేరానికి వెళ్లినప్పుడు మాత్రం ఆ మాటే వాడాడట. ఇంతకన్నా చక్కటి మాట మీ వైపు వాడుకలో ఉంటే తెలియజేయండి.